హైదరాబాద్ నుంచి తిరుపతికి విమానంలో ఎంతసేపు? దూరం, సమయం మీరే లెక్క కట్టుకునే పద్ధతి

ఫోన్లో అడిగితే హైదరాబాద్–తిరుపతి మధ్య 418 కిలోమీటర్లు, విమానంలో అరగంట అని చూపిస్తుంది. టికెట్టు మీద అదే ప్రయాణం గంటా పది నిమిషాలు. ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి కొండ మీద కాలు పెట్టేదాకా చూస్తే ఏడు గంటలకు కాస్త అటూ ఇటూ. మూడింటిలో ఏదీ అబద్ధం కాదు, ఒక్కోటి ఒక్కో దాన్ని కొలుస్తోంది. పదకొండింటి దర్శనం టికెట్టు చేతిలో పెట్టుకుని మొదటి అంకెను నమ్మి ఫ్లైటు బుక్ చేస్తే అలిపిరి చెకింగ్ దగ్గర వాచీ చూసుకుంటూ నిలబడాల్సి వస్తుంది. ఈ లెక్క కాగితం మీద అయిదు నిమిషాల పని. ఒకసారి చేతికొస్తే ఏ రెండు ఊర్లకైనా పనికొస్తుంది.

ముందు రెండు చుక్కలు సరిగ్గా పెట్టండి

దూరం తప్పు రావడానికి మొదటి కారణం సూత్రం కాదు, చుక్క. తిరుపతి అని కొడితే కొన్ని సైట్లు ఊరి నడిమధ్య నుంచి కొలుస్తాయి, కొన్ని రేణిగుంట ఎయిర్‌పోర్టు నుంచి. రెంటికీ మధ్య రోడ్డు మీద దాదాపు 15 కిలోమీటర్లు. విమానం లెక్కకు రేణిగుంటే కావాలి: ఉత్తర అక్షాంశం 13.63, తూర్పు రేఖాంశం 79.54.

హైదరాబాద్‌తో ఇంకో చిక్కు ఉంది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. పాత పట్టికలు పట్టుకు కూర్చున్న చోట ఇప్పటికీ బేగంపేట నుంచి కొలత వస్తుంది. తిరుపతికి 440 కిలోమీటర్ల దగ్గర అంకె కనిపిస్తే అది బేగంపేట కొలత అని గుర్తుపట్టొచ్చు. శంషాబాద్‌కు 17.24, 78.43 వాడండి. అంకె మరీ వెయ్యి దాటి కనిపిస్తే ఆ సైటు పాకిస్తాన్ సింధులోని హైదరాబాద్‌ను తీసుకుంది. ఆ ఊరికీ ఎయిర్‌పోర్టు ఉంది, దాని కోడ్ హెచ్‌డీడీ. మనది హెచ్‌వైడీ.

బుకింగ్ దగ్గర ఇంకా ఖరీదైన పొరపాటు 'తిరు' అక్షరాలతో వస్తుంది. రెండక్షరాలు కొట్టగానే తిరుపతి, తిరుచిరాపల్లి, తిరువనంతపురం ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడతాయి. తిరుపతి కోడ్ టీఐఆర్. తిరుచ్చిది టీఆర్‌జెడ్, తిరువనంతపురానిది టీఆర్‌వీ. డబ్బు కట్టే ముందు ఊరి పేరు కాదు, ఈ మూడక్షరాలు చూడండి. పెద్దవాళ్లకు మీరు బుక్ చేసి పంపుతుంటే మరీనూ.

అక్షాంశాలు రాసుకునేటప్పుడు దశాంశాలకూ, డిగ్రీలు–నిమిషాలకూ తేడా గమనించాలి. రేణిగుంట అక్షాంశం 13 డిగ్రీల 38 నిమిషాలు. డిగ్రీకి 60 నిమిషాలు కనుక దశాంశంలో అది 13.63 అవుతుంది. 38ని అలాగే చుక్క తర్వాత పెట్టి 13.38 అని రాస్తే ఎయిర్‌పోర్టు దక్షిణానికి 28 కిలోమీటర్లు జరిగిపోతుంది.

నేరుగా దూరం

భూమి మీద ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు, ఎక్కడైనా అంతే. తూర్పు పడమరలుగా మాత్రం ఉత్తరానికి పోయేకొద్దీ డిగ్రీ కురచవుతుంది: తిరుపతి దగ్గర 108, ఆంధ్ర తెలంగాణల మధ్య భాగంలో 107, నాగపూర్ వైపు 104. 111ను ఆ అక్షాంశపు కొసైన్‌తో గుణిస్తే ఈ అంకెలే వస్తాయి. రెండు ఊళ్లకు మధ్యనుండే అక్షాంశం తీసుకోవాలి.

శంషాబాద్–రేణిగుంట చేసి చూద్దాం. అక్షాంశాల తేడా 17.24 లోంచి 13.63 తీస్తే 3.61. దాన్ని 111తో గుణిస్తే 401 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 79.54 లోంచి 78.43 తీస్తే 1.11, దాన్ని 107తో గుణిస్తే 119. ఇక బడిలో నేర్చుకున్న లంబకోణ త్రిభుజమే: 401 వర్గం, 119 వర్గం కూడి వర్గమూలం తీస్తే 418.

రేణిగుంట నుంచి విశాఖకు (17.72, 83.22) ఇదే పద్ధతిలో 454, 394 వస్తాయి, నేరుగా 601 కిలోమీటర్లు. ఢిల్లీకి (28.57, 77.10) 1,658, 254 వచ్చి దూరం 1,677 తేలుతుంది. గోళం లెక్క కచ్చితంగా కట్టినా దీనికి కొద్ది కిలోమీటర్లే తేడా. ముంబయి 936, విజయవాడ గన్నవరం 350, బెంగళూరు 205, చెన్నై 98. మన దేశం లోపల ఈ చదును లెక్క చాలు. అమెరికా, యూరప్ దూరాలకు మాత్రం పనికిరాదు. అక్కడ భూమి గుండ్రదనం దారినే ఉత్తరానికి వంచేస్తుంది కనుక గోళం మీద కొలిచే సైటు వాడాల్సిందే.

418 పక్కనే 260, 226 అనే అంకెలు కూడా కనిపిస్తాయి. మొదటిది మామూలు మైళ్లు (1.609 కిలోమీటర్లు), రెండోది నాటికల్ మైళ్లు (1.852 కిలోమీటర్లు). పైలట్లు వాడేది రెండోదే, వాళ్ల వేగం 'నాట్' అంటే గంటకు ఒక నాటికల్ మైలు. ఒక చోట మైళ్లు, ఇంకో చోట కిలోమీటర్లు తీసుకుని భాగిస్తే సమయం సగానికి సగం తేడా కొడుతుంది.

ఈ 418ని రోడ్డు, రైలు దూరాలతో కలపొద్దు. కర్నూలు, కడప మీదుగా రోడ్డున దాదాపు 560 కిలోమీటర్లు. నల్లగొండ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరు మీదుగా పోయే సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ రైలుకు 660 దాకా. అవే రెండు ఊళ్లు, మూడు దూరాలు.

దూరాన్ని సమయంగా మార్చడం

418ని గంటకు 850తో భాగిస్తే 30 నిమిషాలు. ఫోన్ చెప్పే అరగంట అలా పుట్టిందే. అది విమానం ఎక్కిన క్షణం నుంచి దిగే క్షణం దాకా 850 వేగంతోనే పోతే వచ్చే సమయం. అలా పోయే విమానం ఉండదు. ఎందుకుండదో తెలిస్తే లెక్క దానంతటదే కుదురుతుంది.

జెట్ విమానం 36,000 అడుగుల నుంచి దిగాలంటే ప్రతి వెయ్యి అడుగులకు 3 నాటికల్ మైళ్లు ముందే దిగడం మొదలుపెట్టాలి. పైలట్లకు వేలి కొసల మీదుండే లెక్క ఇది. అంటే 108 నాటికల్ మైళ్లు, 200 కిలోమీటర్లు. ఎక్కడానికీ దాదాపు అంతే. హైదరాబాద్–తిరుపతి మొత్తమే 418. అంటే ఆ ఎత్తుకు ఎక్కగానే దిగడం మొదలుపెట్టాలి. అందుకే ఇంత దగ్గరి ప్రయాణాలకు విమానాన్ని ఇంకా తక్కువ ఎత్తులోనే తీసుకెళ్తారు, పూర్తి వేగం కొద్ది నిమిషాలే దొరుకుతుంది. పైగా రేణిగుంట రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా ఉంది. ఉత్తరం నుంచి వచ్చే విమానం తిరిగి, రన్‌వేకు ఎదురుగా సర్దుకుని దిగాలి. కిటికీ పక్క కూర్చున్నవాళ్లకు కొండలు ఒకసారి అటు, ఒకసారి ఇటు కనిపించేది ఈ తిరుగుళ్లలోనే.

టికెట్టు మీద వేళలు కూడా గాలిలో ఉన్న సేపు మాత్రమే కావు. బయలుదేరే వేళ అంటే విమానం నిలిచిన చోటు నుంచి కదిలే వేళ, చేరే వేళ అంటే అవతల వచ్చి ఆగే వేళ. రన్‌వే దాకా నేల మీద దొర్లడం, వరుసలో ఆగడం అన్నీ అందులోనే.

వీటన్నింటినీ కలిపి ఇలా కట్టండి. నేరుగా వచ్చిన దూరానికి, 600 కిలోమీటర్ల లోపైతే 10 శాతం, వెయ్యి పైనైతే 5 శాతం, మధ్యలో ఉంటే 7 శాతం కలపండి. విమానాలు గీత గీసినట్టు పోవు, నిర్ణయించిన దారుల్లో పోతాయి, అందుకు ఈ చేర్పు. వచ్చినదాన్ని ఎయిర్‌బస్ 320 లాంటి జెట్ అయితే 800తో భాగించి 35 నిమిషాలు కలపండి. రెక్కలకు పంకాలుండే ఏటీఆర్ 72 అయితే 500తో భాగించి 25 నిమిషాలు కలపండి.

హైదరాబాద్: 418 కాస్తా 460 అవుతుంది. జెట్‌లో 35 నిమిషాలకు 35 కలిపి గంటా పది. ఏటీఆర్‌లో 55కు 25 కలిపి గంటా ఇరవై. దగ్గరి దూరాల్లో రెంటికీ తేడా పదే నిమిషాలని చూశారుగా, ఏటీఆర్ అని భయపడి రెండు వేలు ఎక్కువ పెట్టి జెట్ టికెట్టు కొనక్కర్లేదు. ముంబయి జెట్‌లో గంటా యాభై, విశాఖ ఏటీఆర్‌లో గంటా నలభై పైన, ఢిల్లీ రెండు గంటల నలభై అయిదు నిమిషాలు. ఢిల్లీలో రన్‌వే దాకా పోవడానికే చాలా సేపు పడుతుంది కనుక ఇంకో పది నిమిషాలు వేసుకోండి. మీరు కట్టినదానికీ టికెట్టుకూ పది నిమిషాల తేడా ఉంటే లెక్క సరే. గంట తేడా ఉంటే ఎక్కడో ఆగే ఫ్లైటు అది, 'నాన్‌స్టాప్' అని రాసుందో లేదో చూడండి. 'డైరెక్ట్' అన్న మాటకు ఒకే నంబరు ఫ్లైటు అని మాత్రమే అర్థం, దారిలో ఒక ఊళ్లో ఆగొచ్చు.

గాలి సంగతి ఒక్క మాట. చలికాలంలో ఉత్తర భారతం మీద ఎత్తులో పడమటి గాలి జోరుగా వీస్తుంది. ముంబయి నుంచి వచ్చేటప్పుడు గాలి కాస్త తోస్తుంది, పోయేటప్పుడు అడ్డుతుంది. గంటకు 60 కిలోమీటర్ల ఎదురుగాలికి వెయ్యి కిలోమీటర్ల మీద పోయేది ఆరు నిమిషాలే. ఢిల్లీ దారి ఉత్తర దక్షిణాలు కనుక గాలి పక్కనుంచి తగులుతుంది, తేడా ఇంకా తక్కువ. వానాకాలంలో మన అక్షాంశాల మీద 14, 15 కిలోమీటర్ల ఎత్తులో తూర్పు నుంచి వీచే పెద్ద గాలి ప్రవాహం ఉంటుంది. దాన్ని 1958లో లోకానికి చూపించింది భారత వాతావరణ శాఖ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. విమానాలు దానికి మూడు నాలుగు కిలోమీటర్లు కిందగా పోతాయి కాబట్టి ప్రయాణికుడి వాచీలో దాని ప్రభావం పెద్దగా కనబడదు.

విదేశాల నుంచి వచ్చేవాళ్లు టికెట్టు మీది రెండు వేళలూ తీసివేసి ప్రయాణ సమయం అనుకోకూడదు. రెండూ ఆయా ఊళ్ల వేళలు. రాయచోటి, పీలేరు వైపు నుంచి కువైట్ పోయేవాళ్లు ఎందరో ఉన్నారు కదా, కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. చెన్నైలో ఉదయం 6కు లేచి అక్కడి వేళ 8:30కు దిగే ఫ్లైటంటే అయిదు గంటల ప్రయాణం.

మారే ఫ్లైటులో దూరం పెరగదు, గంటలు పెరుగుతాయి

ఢిల్లీ–హైదరాబాద్ 1,265 కిలోమీటర్లు. దానికి 418 కలిపితే 1,683. నేరుగా వచ్చినా 1,677. హైదరాబాద్ సరిగ్గా దారిలోనే ఉంది, మారడం వల్ల పది కిలోమీటర్లు కూడా పెరగవు. గంటల్లో చూస్తే కథ వేరు. ఢిల్లీ–హైదరాబాద్ రెండుంబావు, మధ్యలో గంటన్నర, మళ్లీ గంటా పది: దగ్గర దగ్గర అయిదు గంటలు. ఎక్కడం, దిగడం, దొర్లడం రెండుసార్లు చేస్తున్నారు కాబట్టి ఆ 35 నిమిషాల చేర్పు కూడా రెండుసార్లు పడుతుంది. రెండు టికెట్లు ఒకే పీఎన్‌ఆర్ కింద ఉండాలి. విడివిడిగా కొంటే మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండోది మీకోసం చూడదు, డబ్బూ తిరిగి రాదు, సామాను కూడా హైదరాబాద్‌లో దించుకుని మళ్లీ ఇవ్వాలి. విడిగా కొనక తప్పకపోతే మధ్యలో మూడు గంటలుంచండి.

ఇంటి గడప నుంచి కొండ దాకా

అసలు లెక్క ఇది. కూకట్‌పల్లిలో ఇల్లనుకుందాం. అవుటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్‌కు గంటా పావు. దేశంలోపలి ఫ్లైట్లకు చాలా సంస్థలు సామాను తీసుకునే కౌంటర్ గంట ముందు, ఎక్కే గేటు 25 నిమిషాల ముందు మూసేస్తాయి. రెండు గంటల ముందు చేరడం మంచిది. విమానం గంటా పావు. రేణిగుంటలో దిగి సామాను తీసుకోవడానికి 25 నిమిషాలు, చిన్న ఎయిర్‌పోర్టు కనుక నడక తక్కువ. అక్కడి నుంచి అలిపిరికి కారులో 45. అలిపిరి టోల్‌గేటు దగ్గర సామాను దింపి స్కానింగులో పెట్టి మళ్లీ ఎక్కించడానికి 20 నుంచి 30. ఘాట్ రోడ్డు 45. కూడితే ఆరు గంటల యాభై నిమిషాలు.

ఇందులో గాలిలో ఉండేది గంట. మిగతా ఆరు గంటలను ఏ విమానమూ తగ్గించలేదు. ఫ్లైటు ఎన్నుకునేటప్పుడు పది నిమిషాలు త్వరగా చేర్చేదాన్ని వెతకడం కంటే, ఎన్నింటికి దిగుతుందో చూసుకోవడమే మేలు.

ఘాట్ రోడ్డులో డ్రైవరును తొందరపెట్టకండి. పైకి 28 నిమిషాల లోపు, కిందికి 40 నిమిషాల లోపు చేరకూడదని దేవస్థానం నియమం. కింద టోల్‌గేటులో ఇచ్చే చీటీ మీద వేళ పడుతుంది, ముందే చేరితే జరిమానా. మలుపుల్లో ప్రమాదాలు ఆపడానికి పెట్టిన ఈ నియమం మంచిది కూడా. అర్ధరాత్రి దాటాక కొన్ని గంటలు ఘాట్ రోడ్డు మూసేస్తారు, కాబట్టి రాత్రి చివరి ఫ్లైటు ఆలస్యమై దిగితే ఆ రాత్రి తిరుపతిలోనే గది చూసుకోవాలి.

దర్శనం స్లాటు నుంచి వెనక్కి లెక్క పెట్టుకోండి. విమానం ఆగిన వేళ నుంచి కొండ మీదికి రెండు గంటల ఇరవై. ఫోన్లు, సామాను డిపాజిట్ చేసి క్యూ దగ్గరికి నడవడానికి అరగంట. విమానం ఆలస్యానికి ఒక గంట. మొత్తం నాలుగు గంటలు. 11 గంటల స్లాటుకు 7 లోపు దిగాలి. అలాంటి ఫ్లైటు లేకపోతే ముందు రోజే రండి, మొక్కు విషయంలో ఈ ఒక్కదాంట్లో పిసినారితనం వద్దు. అలిపిరి నుంచి నడిచి ఎక్కే మొక్కుంటే 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు, మామూలు నడకకు మూడు నాలుగు గంటలు. ఘాట్ రోడ్డు 45 నిమిషాల బదులు అది వేసుకోండి. సామాను అలిపిరిలో ఇస్తే దేవస్థానం వాళ్లే ఉచితంగా పైకి చేరుస్తారు. శ్రీవారి మెట్టు దారి పొట్టిది, 2,388 మెట్లు, కానీ నిటారు.

తిరుగు ప్రయాణంలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. వచ్చేటప్పుడు అలిపిరి చెకింగ్ పట్టింది కాబట్టి పోయేటప్పుడు తొందరగా అయిపోతుందనుకుంటారు. దిగే ఘాట్ రోడ్డుకే 40 నిమిషాలు తక్కువ కావు, ఊరు దాటి రేణిగుంటకు ఇంకో 45, ఎయిర్‌పోర్టులో రెండు గంటలు. లడ్డూ కౌంటర్ వరుస సంగతి వేరే. ఫ్లైటుకు నాలుగు గంటల ముందు కొండ మీద కారెక్కి కూర్చోవాలి. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు, వైకుంఠ ఏకాదశికి, పెరటాసి (సెప్టెంబరు–అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాల్లో ఆరు గంటలు. మనవైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2021 నవంబరు వరదల తర్వాత కొండచరియలు పడి ఘాట్ రోడ్డు దెబ్బతింది. వాయుగుండం వార్త వింటే ఆ రోజు చివరి ఫ్లైటు మీద ఆశ పెట్టుకోకుండా దానికి ముందుదానికి మార్చుకోండి.

ఎప్పుడు విమానం వద్దు

చెన్నై నుంచి నేరుగా 98 కిలోమీటర్లే. విమానం ఉన్నా ఎయిర్‌పోర్టు పనులన్నీ కలిపి నాలుగు గంటలు పడుతుంది. తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా కారులో మూడు గంటల పైచిలుకు. బెంగళూరు నుంచి కూడా రోడ్డే నయం. నేరుగా దూరం 250 లోపుంటే రోడ్డే గెలుస్తుందని గుర్తుంచుకుంటే చాలు. హైదరాబాద్ సంగతికొస్తే, పగటి వందే భారత్‌కు స్టేషను నుంచి స్టేషనుకే ఎనిమిది గంటలు పైనే, విమానానికి ఇంటి నుంచి కొండ దాకా మొత్తం ఏడు. రెంటినీ పోల్చేటప్పుడు రైలుకు ఇంటి నుంచి స్టేషనుకు, తిరుపతి నుంచి కొండకు పట్టే సమయం కూడా కలుపుకోవాలి. రాత్రి రైలు 12 గంటలు తీసుకున్నా అందులో ఎనిమిది నిద్రలో పోతాయి, తెల్లారేసరికి తిరుపతిలో ఉంటారు. తిరుపతి స్టేషనుకు టికెట్టు దొరక్కపోతే రేణిగుంట జంక్షన్‌కు చూడండి, ముంబయి–చెన్నై లైను మీది రైళ్లు చాలా అక్కడే ఆగి పోతాయి.

చిత్తూరు వాళ్లకు మూడు ఎయిర్‌పోర్టులు అందుబాటులో ఉన్నాయి. రేణిగుంట దాదాపు 85 కిలోమీటర్లు, చెన్నై 150 పైన, బెంగళూరు దేవనహళ్లి 190 దగ్గర. హైదరాబాద్, విశాఖ, విజయవాడలకు రేణిగుంటే. ఢిల్లీ, కోల్‌కతా, గల్ఫ్ దేశాలకు ముందు రేణిగుంట నుంచి నాన్‌స్టాప్ ఉందో చూడండి. లేకపోతే మారే ఫ్లైటు మొత్తం గంటలనూ, చెన్నైకి కారులో మూడున్నర గంటలు, అక్కడి నాన్‌స్టాప్ గంటలనూ పక్కపక్కన రాసుకోండి. చెన్నై దారికి కారు బాడుగ, టోల్ కూడా టికెట్టు ధరలో కలిపి చూడాలి. కుప్పం వైపు వాళ్లకు బెంగళూరే దగ్గర. అయితే హోస్కోట దాటాక సాయంత్రం ట్రాఫిక్‌కు ఇంకో గంట పక్కన పెట్టుకోవాలి.